వీడియో మావయ్య తీసిన పది నిమిషాలు

గుడివాడ వీడియో మావయ్య పోయారు. ఈ నెల మొదట్లో ఒక మంగళవారం పొద్దున్న, బందరులో నేను కాలేజీకి బయల్దేరుతుంటే ఆయన శిష్యుడు ఫోన్ చేశాడు. "మేడమ్, మావయ్య గారు లేరండి. కాఫీ తాగి పేపర్ చూస్తూ కుర్చీలో అలాగే ఒరిగిపోయారు" అన్నాడు. నేను క్లాసు మానేసి గుడివాడ బస్సెక్కాను.

మీకు ఆయన తెలిసే అవకాశం లేదు. కాకపోతే మీది కృష్ణా జిల్లా అయి, తొంభైల్లో గుడివాడ, నందివాడ, పామర్రు చుట్టుపక్కల పెళ్ళి చేసుకుని ఉంటే, మీ బీరువా మీద బూజుపట్టిన క్యాసెట్ ఆయన తీసిందే అయి ఉండొచ్చు. పేరు ఎవరికీ అక్కర్లేదు. పెళ్ళికూతురికీ, పెళ్ళికొడుక్కీ, వంటవాడికీ, అందరికీ వీడియో మావయ్యే. సాగు తమ్ముడికి వదిలేసి కెమెరా పట్టుకున్నాడని వాళ్ళ ఇంట్లో చాలాకాలం సణిగారట. ఇంగ్లీషులో రెండు ముక్కలు కలిపి మాట్లాడటం రాదు. అలాంటి మనిషి తీసిన చిన్న చిన్న డాక్యుమెంటరీలు సముద్రాలు దాటి వెళ్ళి, మనల్ని ఎన్నడూ చూడనివాళ్ళతో మాట్లాడి వచ్చాయి. ఆ సంగతి గుడివాడలో కూడా చాలామందికి తెలీదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనతో నేను మొదటిసారి మాట్లాడింది పోట్లాడటానికి.

మాది గుడ్లవల్లేరు. మా అక్క పెళ్ళికి వీడియో తీసింది ఆయనే. క్యాసెట్ చేతికొచ్చాక ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. మూడు గంటలు. వంటవాడి గరిట ఉంది, సన్నాయి ఊదే ఆయన బుగ్గలున్నాయి, బంతి భోజనాల్లో ప్రతి విస్తరీ ఉంది. మా అమ్మ లేదు. నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు. కన్యాదానం బాబాయి, పిన్ని చేశారు. అమ్మ ఆ మూడు గంటల్లో ఎక్కడా, ఒక్క క్షణం కూడా లేదు. అమ్మ మాత్రం "అక్క ఎంత బాగుందో చూడు" అంటూ కూర్చుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడే క్యాసెట్ పట్టుకెళ్ళి ఆయన స్టూడియోలో బల్ల మీద పెట్టాను. "ఏమండీ, ఇందులో పెళ్ళికూతురి తల్లి ఎక్కడ?"

ఆయన తొణకలేదు. "ఆవిడే పక్కకి తప్పుకున్నారమ్మా. మనం బలవంతం చెయ్యలేంగా. అలాంటివాళ్ళు ఎప్పుడూ వాళ్ళే తప్పుకుంటారు."

"అలాంటివాళ్ళంటే ఎలాంటివాళ్ళండీ?"

ఆయన కుర్రాణ్ణి పిలిచి టీ తెప్పించారు. నేను తాగకుండా వచ్చేశాను. ఇంకెప్పుడూ ఆ మనిషి మొహం చూడకూడదనుకున్నాను. అనుకున్నవన్నీ జరిగితే ఇంకేం.

రెండేళ్ళకి నాకు బందరులో ఇంగ్లీషు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. అమ్మ నా దగ్గరే ఉండేది. అక్కడ చేపలు పట్టేవాళ్ళ పల్లెల్లో పనిచేసే చిన్న సంస్థ ఒకటి ఉండేది. వాళ్ళకో ఆలోచన వచ్చింది. ఐరోపాలో ఎక్కడో ఉత్తరాన, ఏడాదిలో సగం చలిలో మునిగి ఉండే ఊరొకటి ఉంది, వాళ్ళూ సముద్రం మీద బతికేవాళ్ళే. దివిసీమలో ఒక పల్లెవాళ్ళు తమ రోజు ఎలా గడుస్తుందో పది నిమిషాల సినిమా తీసి అక్కడికి పంపాలి. వాళ్ళు చూసి ప్రశ్నలు రాస్తారు, తమ సినిమా తీసి పంపుతారు. వ్యాఖ్యానం ఉండకూడదు. ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి, తీసేవాళ్ళు కూడా ఈ ప్రాంతం వాళ్ళే అయి ఉండాలి. మాటలకి కింద ఇంగ్లీషు రాయడం, ఉత్తరాలు చదివి తెలుగులో చెప్పడం నా పని. కెమెరా ఎవరని అడిగితే, "గుడివాడ నుంచి ఒకాయన వస్తారు, ఓపికమంతుడు" అన్నారు. చల్లపల్లి బస్టాండులో కలుసుకోమన్నారు. వెళ్ళేసరికి సిమెంటు బెంచీ మీద కెమెరా పెట్టె దర్జాగా కూర్చుని ఉంది. పక్కన ఆయన నిలబడి ఉన్నారు.

"మీరా!" అన్నాను.

"నేనేనమ్మా. ఈసారైనా టీ తాగుతారా?" అన్నారు.

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. టీ మాత్రం తాగాను.

బస్సులోనూ అంతే. సీటు పెట్టెకి, నిలబడటం తనకి. అవనిగడ్డ, నాగాయలంక దాటి రేవు దాకా అలా కమ్మీ పట్టుకుని ఊగుతూ వచ్చేవారు. ఇంతా చేస్తే ఆయన అప్పటిదాకా మంగినపూడి బీచ్ తప్ప సముద్రం చూడలేదు. నేనూ అంతే అనుకోండి. పొద్దున్నే ఇంటిముందుకొచ్చే ఎండు నెత్తళ్ళ చేపల గంప ఎక్కణ్ణుంచి వస్తుందో మేమెప్పుడూ అడగలేదు. చలిదేశం సంగతి తర్వాత, ముందు గుడివాడకీ ఆ పల్లెకీ మధ్యనే ఒక సముద్రం ఉందని ఆ బస్సు దిగిన రోజు తెలిసింది.

పల్లెలో ఆయన పద్ధతి చూడాలి. పెళ్ళిలో బంతి తీసినట్టే, మొదటి ఇంటి నుంచి చివరి ఇంటిదాకా వరసగా వెళ్ళారు. ఒక్క గడప వదలలేదు. "సినిమా పది నిమిషాలేనండీ" అన్నాను. "తర్వాత కోసుకుందాం. ముందు ఎవరికీ నన్ను తియ్యలేదన్న బాధ ఉండకూడదు. వీడియో అంటే హాజరు పట్టీ అమ్మాయ్" అన్నారు. హాజరు పట్టీ అంట! మా అమ్మకి పడిన గైర్హాజరు గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది. ఆయన వింటే విననీ అన్నట్టు కెమెరాలోనే పడేలా "అందరికీనా?" అన్నాను. వినపడిందో లేదో తెలీదు.

నెల తిరక్కుండా సినిమా తయారు చేసి నన్ను స్టూడియోకి పిలిచారు. నేను చూసి తెల్లబోయాను. వల లాగుతున్న మనుషుల చుట్టూ హృదయం ఆకారం. ఎండబెట్టిన చేపల మీద గులాబీ రేకుల వాన. పడవ గిర్రున తిరిగి పువ్వులోంచి బయటికొస్తోంది. పెళ్ళి మిక్సింగ్ అంతా చేపలకి చేసేశారు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయన చిన్నబుచ్చుకున్నారు.

"ఉట్టిగా చూపిస్తే చూస్తారా జనం?"

"చూస్తారు మావయ్య గారూ. వాళ్ళకి మన చేపలే వింత. గులాబీలు వాళ్ళకీ ఉంటాయి."

అదే మొదటిసారి నేను ఆయన్ని మావయ్య గారూ అనడం. రేకులన్నీ తీసేశారు. తీసేశాక ఆయనే మళ్ళీ మళ్ళీ చూసుకున్నారు. "ఇలాగే బావుంది. చూసేవాళ్ళు మనకి తెలీనివాళ్ళే, ఒప్పుకుంటాను. కానీ చుట్టాలొస్తే ఇల్లు చూపిస్తాం చూడు, అలా చూపిస్తే సగం పని అయినట్టే. చుట్టాల ముందు గారడీ ఎవరు చేస్తారు?" అన్నారు. ఆ తర్వాత ఈ మాటే నా క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను, ఆయన మాట అని చెప్పే చెప్పాను.

మూడు నెలలకి జవాబొచ్చింది. అక్కడి బడి పంతులమ్మ ఊరివాళ్ళ ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో రాసి పంపింది. స్టూడియోలో కూర్చుని చదివి వినిపించాను. చేపలు ఇసక మీదే ఎండబెడతారా, కాకులు ఎత్తుకుపోవా? ఆడవాళ్ళు అంత బరువు తల మీద పెట్టుకుంటే మెడ నొప్పి పుట్టదా? ఇలాంటివి. చివరి ప్రశ్న ఇది. కొత్త పడవని నీళ్ళలోకి తోసేటప్పుడు అందరూ ఉన్నారు. అంచున వెలిసిన చీరలో, గంపతో ఒకామె నిలబడి ఉంది. కెమెరా ఆమె దాకా వచ్చి తిరిగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి ఆమె వెనక్కి వెళ్ళిపోయింది. ఆమె ఎవరు? చూస్తున్నందుకు మా మీద కోపమా?

మావయ్య క్యాసెట్ పెట్టి, ఆ చోటు వెతికి, ఆపి ఆపి చూశారు. మొత్తం పల్లెంతా పడవ చుట్టూ ఉంది. కెమెరా మెల్లగా అంచుకి వచ్చింది. ఆమె కనిపించింది. కనిపించీ కనిపించగానే కెమెరా గభాల్న వెనక్కి తిరిగింది. ఆయన వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు.

"మొదటిసారి ఆవిడ కదల్లేదమ్మాయ్. చూడు, అలాగే నిలబడి కెమెరా వంక చూస్తోంది. నేనే తిప్పేశాను. రెండోసారికి ఆవిడకి అర్థమైంది, తప్పుకుంది." తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నారు. "నేను అనుకోను కూడా అనుకోలేదు. చెయ్యే తిరిగింది."

పెళ్ళిళ్ళలో పదేళ్ళు అలవాటు పడిన చెయ్యి. బొట్టులేని నుదురు అంచున కనిపిస్తే చాలు, శుభమా అంటూ క్యాసెట్‌లో ఎందుకని అదే పక్కకి తిరిగిపోతుంది. ఇక్కడ పుట్టి పెరిగిన మేము ఆ పల్లె సినిమా ఎన్నిసార్లు చూశామో, మా కళ్ళకి అది ఆనలేదు. ఎక్కడో చలిదేశంలో మన ఆచారం ముక్క తెలియనివాళ్ళు అడగాల్సి వచ్చింది. నేను ఆ రోజు ఆయన్ని ఒక్క మాట అనలేకపోయాను. అనడానికి అంతకుముందు ఎన్ని కూడబెట్టుకున్నానో!

వారం తిరిగాక ఒక ఆదివారం ఆయన బందరులో మా ఇంటికొచ్చారు. చేతిలో కెమెరా లేదు. అమ్మ కాఫీ ఇచ్చింది. గ్లాసు పట్టుకునే చెప్పారు. "అక్కయ్య గారూ, మీ పెద్దమ్మాయి పెళ్ళి మాస్టర్ క్యాసెట్ మళ్ళీ చూశానండి. మీరు తలుపు దగ్గర ఉన్నారు. మీరు కదలకముందే నేను కెమెరా తిప్పేశాను. మీరే తప్పుకున్నారని ఇన్నాళ్ళూ మీ అమ్మాయికి అబద్ధం చెప్పాను. అబద్ధమని నాకూ తెలీదు."

అమ్మ కొంగు సర్దుకుంది. "నాకు తెలుసు బాబూ. తిరగడం చూసే పక్కకి జరిగాను. మీ పనికి అడ్డమెందుకని."

ఇన్నేళ్ళలో అమ్మ ఈ మాట నాతో అనలేదు. నేను లోపలికి వెళ్ళి ఏడ్చాను. బయటికొచ్చేసరికి వాళ్ళిద్దరూ గుడ్లవల్లేరు కాలవలో నీళ్ళు ఎప్పుడు వదులుతారని మాట్లాడుకుంటున్నారు.

ఉత్తరానికి జవాబు రాయాలి కదా. ఆ అంచున నిలబడ్డామె నాంచారమ్మ. భర్త సముద్రం మీద చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. నోరు జాస్తి, నవ్వూ జాస్తే. మావయ్య వెళ్ళి జరిగినది జరిగినట్టు చెప్పి, "ఈసారి పడవ దగ్గరే నిన్ను తీస్తానమ్మా" అన్నారు. నేనైతే చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

"నువ్వు తీత్తావు, బస్సెక్కి పోతావు. రేపు ఆ పడవకేదన్నా అయితే నన్నంటారు" అంది నాంచారమ్మ. "అనకపోయినా నేను రానయ్యా. అందులో మా అన్న కొడుకులుంటారు. నాకు భయం."

నేను వాదించబోయాను. మావయ్య చెయ్యి అడ్డం పెట్టారు. "మరి ఎక్కడ తియ్యమంటావు?"

"నా పని కాడ తియ్యి. బస్సులో తియ్యి, ఆ కండట్రు నన్నెట్టా కసురుతాడో ఆళ్ళకీ తెలవాల" అంది.

అలా రెండో సినిమా అయింది. అందులో అంతా నాంచారమ్మే. ఇసక దులిపి నెత్తళ్ళు ఏరడం, గంప ఎత్తుకుని బస్సెక్కడం, కెమెరా చూసి కండక్టరు ఆ రోజు మర్యాదగా మాట్లాడటం, ఆమె పడీపడీ నవ్వడం, అవనిగడ్డ వీధుల్లో బేరాలు. చివర్లో గుమ్మంలో కూర్చుని ఆ ఊరివాళ్ళతో మాట్లాడింది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. నేను కింద ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాశాను, నాకు కోపం లేదు, ఇది మా ఆచారం అని. మావయ్య స్టూడియోలో చూసి ఆపారు.

"ఆవిడ అంతసేపు మాట్లాడితే నువ్వు రాసింది ఇంతేనా? మిగతాదంతా ఏమైందమ్మాయ్?"

"అంతా పట్టదండీ. చదివేలోపు వెళ్ళిపోతుంది."

"అయితే బొమ్మ ఆపుదాం. ఆవిడ మొహం అలాగే ఉంచి, వాళ్ళని నిదానంగా చదువుకోనిద్దాం. తొందరేముంది?"

అన్న కొడుకుల మాట, భయం మాట, మీ ఊళ్ళో మొగుడు పోయినాళ్ళు ఏం చేత్తారన్న ప్రశ్న, అన్నీ నేను కోసేశాను. అమ్మని తియ్యలేదని ఆయనతో గొడవపెట్టుకున్న మనిషిని, కలంతో అదే పని చేశానని అప్పటికి గానీ తట్టలేదు. మొత్తం మళ్ళీ రాశాను. నాంచారమ్మ మొహం తెర మీద అలా నిలబడిపోయింది, మాటలు కింద మెల్లగా నడిచాయి.

వాళ్ళ జవాబు సినిమాగా వచ్చింది. పల్లెలో తుఫాను షెల్టర్ కిటికీలకి దుప్పట్లు కట్టి, మధ్యాహ్నం పూట అందరికీ వేశాం. ఎర్ర స్వెటరు వేసుకున్న ముసలామె ఒకతి వేటకి వెళ్ళే పడవ తాడు విప్పి నీళ్ళలోకి విసిరింది. తర్వాత వంటింట్లో కూర్చుని నాంచారమ్మకి జవాబు చెప్పింది. నేను నిలబడి తెలుగులో చెప్పాను. "నా భర్త కూడా సముద్రంలోనే పోయాడు. ఆ ఏడాదంతా నేను రేవు వైపు వెళ్ళలేదు. ఎవరూ వద్దనలేదు. నాకే చేతకాలేదు."

నాంచారమ్మ తెర దగ్గరగా వెళ్ళి కూర్చుంది. భర్త పోయినామెకి ఎర్ర స్వెటరేంటని అడుగుతుందనుకున్నాను, పడవ తాడు ఎలా విప్పనిచ్చారని అడుగుతుందనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, నా లెక్కలు నాకుంటాయి.

"పాపం, ఆ ఇంట్లో ఇంకెవరూ లేరేంటి?" అంది. "ఒక్కతే కూకుని తింటందా? మాకు తిట్టడానికన్నా చుట్టూ మందున్నారు. ఆమెని ఓ నెల్రోజులు ఇక్కడికి రమ్మని రాయండమ్మా."

రాశాను. ఆమె రాలేదు గానీ, ఒక ఉన్ని శాలువా పంపింది. దివిసీమ ఎండలో నాంచారమ్మ దాన్ని ఏం చేసుకుందో ఆ దేవుడికే తెలియాలి.

ఆ సినిమాలు అంతటితో ఆగిపోయాయి. సంస్థ వేరే పనుల్లో పడింది. మావయ్య మళ్ళీ పెళ్ళిళ్ళకి వెళ్ళిపోయారు. కానీ పద్ధతి మారింది. పెళ్ళికి ముందే ఇంటికెళ్ళి, ఆ ఇంట్లో మామ్మలనీ, అత్తయ్యలనీ ఒక్కొక్కరినే అడిగేవారట, మిమ్మల్ని ఎక్కడ తియ్యమంటారని. కొందరు వద్దనేవాళ్ళు. వద్దంటే తీసేవారు కాదు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ కెమెరాకి చెయ్యి అడ్డం పెట్టి నానా మాటలూ అన్నాడట. "ఆ చెయ్యి కూడా రికార్డయింది అమ్మాయ్" అని నవ్వారు నాతో చెబుతూ.

మా అక్క కూతురి ఓణీల పండక్కి ఆయన్నే పిలిచాం. అమ్మని అడిగారు. అమ్మ "వంటింట్లో తియ్యి బాబూ" అంది. బూరెలు వేస్తూ, "ఇంక చాల్లే బాబూ, నూనె చిందుతుంది, దూరంగా ఉండు" అంటుంది అందులో. అమ్మ ఇప్పుడు లేదు. ఆమె గొంతు నాకు మిగిలింది అక్కడే. దానికి నేను ఆయనకి ఎన్నడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోలేదు. ఎప్పటికప్పుడు ఏదో ఒకటి ఆటపట్టిస్తూనే గడిపేశాను.

పెద్దకర్మ రోజు మళ్ళీ గుడివాడ వెళ్ళాను. వాకిట్లో షామియానా వేశారు. కుర్చీ మీద ఆయన ఫొటో, దాని ముందు పళ్ళెంలో చామంతులు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు రెండు పువ్వులు వేసి దణ్ణం పెడుతున్నారు. శిష్యుడు వీడియో తీస్తున్నాడు. ఆయన దగ్గర పదేళ్ళు పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు సొంత స్టూడియో ఉంది. అత్తయ్య, అంటే మావయ్య భార్య, లోపల గదిలో ఓ మూల కూర్చుని ఉంది. చివరికి ఎవరో నువ్వూ రెండు పువ్వులు వెయ్యమ్మా అంటే లేచి గుమ్మం దాకా వచ్చింది. ఎదురుగా కెమెరా చూసి ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

శిష్యుడు కెమెరా తిప్పలేదు, దించనూ లేదు. "అత్తయ్య గారూ, తియ్యనా, వద్దా? మీరెలా అంటే అలా" అన్నాడు.

ఎవరో పెద్దాయన దగ్గాడు. అత్తయ్య కెమెరా వంక చూసింది, ఫొటో వంక చూసింది.

"తియ్యి నాన్నా" అంది. "ఎప్పుడూ ఆయన కెమెరా వెనకాలేగా ఉండేది. ఇన్నేళ్ళలో ఇద్దరం కలిసి ఉన్నది ఒక్కటీ లేదు."

ముందుకొచ్చి పువ్వులు వేసింది. ఫొటో కొంచెం వంగి ఉంటే సరిచేసింది. తర్వాత ఎటు నిలబడాలో తెలియక అటూ ఇటూ చూసి, కుర్చీకి ఎడంపక్కన వచ్చి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆవిడకి. ఒక చెయ్యి కుర్చీ వీపు మీద, ఆయన భుజం ఉండాల్సిన చోట ఆనించి, కెమెరా వంక చూస్తూ ఉండిపోయింది.